విప్పి కట్టే పనితనం

మైపాడులో ఇనుముకు ఆయుష్షు తక్కువ. కిటికీ ఊచలకు ఏటా రంగు వేయకపోతే పొరలు పొరలుగా రాలిపోతాయి. సైకిలు గొలుసు నెల తిరక్కముందే నూనె అడుగుతుంది. కొత్త తాళం రెండో వానాకాలానికే చెవిని తిరగనివ్వదు. అంతా ఉప్పుగాలి చలవ. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు తూర్పుకు వచ్చి బకింగ్‌హామ్ కాలువ దాటగానే ఒంటికి తగిలే ఆ గాలి, సెలవుకు వచ్చినవాళ్లకు హాయిగా ఉంటుంది. ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్లకు అది తిష్ట వేసిన చుట్టం. ఇంట్లో ఉన్న ఇనుమునంతా కూర్చుని తింటుంది.

ఇలాంటి ఊళ్లో పుట్టి నేను కెమెరాల మోజులో పడ్డాను. ఉక్కు, ఇత్తడి, గాజు, రబ్బరుగుడ్డ, వెంట్రుకంత స్ప్రింగులు. ఉప్పుగాలి మెచ్చే వంటకాలన్నీ ఒకే పెట్టెలో సర్దినట్టుంటుంది కెమెరా. యాభై ఏళ్లలో నా చేతికి ఐదు వచ్చాయి. నాలుగు సొంతం, ఒకటి అరువు. ఫొటోలు తీయడం నాకు కూడు పెట్టిన పని కాదు, ఆదివారాలను తినేసిన పని. తీసిన వాటిలో గొప్ప ఫొటోలు ఎన్నని అడిగితే తల దించుకుంటాను. ఆ ఐదు పెట్టెల్ని చేసినవాళ్ల చేతుల గురించి అడిగితే మాత్రం పొద్దుపోయేదాకా చెబుతాను.

మొదటిది అగ్ఫా క్లిక్-3. 1975 సంక్రాంతికి మద్రాసు నుంచి వచ్చిన మా మేనమామ సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టాడు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. పేరు జర్మనీది, తయారీ మాత్రం బరోడాలో, న్యూ ఇండియా ఇండస్ట్రీస్ వాళ్లది. చేతిలోకి తీసుకుంటే సబ్బుపెట్టెకన్నా కాస్త బరువు. లెన్సు దగ్గర చిన్న మీట, దానికి ఎండ గుర్తు ఒకటి, మబ్బు గుర్తు ఒకటి. అంతకుమించి మనం సర్దేది ఏమీ లేదు. పది అడుగుల అవతల ఉన్నదేదైనా తేటగానే పడుతుంది. షట్టరుకు ఒకటే వేగం.

రీలు వేయకముందే, లోపల ఏముందో చూద్దామని వెనక మూత తీశాను. లోపల ఏమీ లేదు! నల్లటి బోలు, దాని ఎదుట ఒక గాజుబిళ్ల, వెనక సన్నటి రేకు, ఆ రేకును లాగే ఒక స్ప్రింగు. మోసపోయానేమో అనుకున్నాను. ఆ ఖాళీలో ఎంత తెలివి ఉందో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఫిల్ము ఆనే చోటు చదునుగా ఉండదు, లోపలికి వంపు తిరిగి ఉంటుంది. ఒక్క గాజు వేసే బొమ్మ పళ్లెంలా పరుచుకోదు, మూకుడులా వంగుతుంది. దాన్ని చదునైన ఫిల్ము మీద పట్టబోతే నడిమధ్య తేటగా వచ్చి అంచులు అలుక్కుపోతాయి. సరిచేయాలంటే ఇంకో రెండు మూడు గాజులు చేర్చాలి. అప్పుడు ధర మా మామ జేబు దాటిపోతుంది. దీన్ని గీసిన మనిషి గాజుల జోలికి పోలేదు, ఫిల్మునే వంచాడు. బొమ్మ వంగి వస్తే కాగితాన్నీ దానితోపాటు వంచేస్తే సరి! ఖర్చు పెంచకుండా దోషాన్ని దోషంతోనే కొట్టేసిన ఈ ఉపాయం ముందు ఎన్నో ఖరీదైన హంగులు నాకు వెలవెలబోయినట్టే కనిపిస్తాయి.

దానిలో వేసినవి ఇందు రీళ్లు. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఫ్యాక్టరీలో 1967 నుంచి తయారైన మన దేశపు ఫిల్ము అది. రీలుకు పన్నెండు ఫొటోలు. వెనక ఉన్న ఎర్రటి గుండ్రని కిటికీలోంచి అంకె కనిపించేదాకా చెవి తిప్పాలి. తిప్పడం మరిస్తే ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ ఎక్కుతుంది. నా మొదటి రీలులో మా అవ్వ నుదుటి మీదుగా ఒక మేక నడిచిపోయింది.

ఆ రీలులో మిగిలిన మంచి ఫొటో ఒకటే. ఒడ్డున ఇద్దరు తెప్పను విప్పుతున్నారు. తెప్పకు మేకు ఉండదు. తేలిక చెక్క దుంగలు నాలుగైదు పక్కపక్కన పేర్చి, తాళ్లతో బిగించి కడతారు. వేట నుంచి రాగానే ఆ కట్లు విప్పి, దుంగలను విడివిడిగా ఇసుకలో ఆరబెడతారు. అంత కష్టపడి కట్టి మళ్లా ఎందుకు విప్పడమని ఆ రోజు అడిగాను. "ఇప్పకపోతే నీళ్లు తాగి బరువెక్కిపోవా అబ్బయ్యా? ఇప్పి ఆరబెడితేనే గదా పదేళ్లు బతికేది!" అన్నాడు అందులో పెద్దాయన. ఆ మాట అప్పుడు చెవిలో పడింది. బుర్రకు ఎక్కడానికి పద్నాలుగేళ్లు పట్టింది.

రెండోది అరువు కెమెరా. నెల్లూరు వి.ఆర్. కాలేజీలో చదివే రోజుల్లో సాయంత్రాలు ట్రంకురోడ్డులో ఒక స్టూడియోలో గడిపేవాణ్ణి. నీళ్ల తొట్టెలు కడగడం, ప్రింట్లు తీగకు తగిలించడం నా పని. నా జీతం, కస్టమర్లు లేని వేళ స్టూడియో యజమాని యాషికా-మ్యాట్ 124జిని ముట్టుకోవడానికి అనుమతి. 1970 నుంచి 1986 దాకా జపానులో తయారైన ఈ కెమెరా మన ఊళ్ల స్టూడియోల్లో ఎన్ని పెళ్లిళ్లు చేయించిందో లెక్కలేదు.

దానికి ఒకదాని మీద ఒకటి రెండు కళ్లు. పై కన్ను మనం చూసుకోవడానికి, కింది కన్ను ఫిల్ము మీద బొమ్మ వేయడానికి. రెండూ 80 మిల్లీమీటర్లవే అయినా ఒకేలాంటివి కావు. కిందిది ఎఫ్ 3.5, నాలుగు గాజుల లెన్సు. పైది ఎఫ్ 2.8, అంటే ఇంకాస్త పెద్ద కన్ను. తీసే కన్నుకన్నా చూసే కన్ను పెద్దదెందుకు? పెళ్లిమంటపంలో వెలుతురు తక్కువ. చూసే అద్దం మీద వెలుగు ఎంత ఎక్కువ పడితే, ఏది తేటగా ఉందో ఏది లేదో అంత త్వరగా తెలుస్తుంది. పైగా పెద్ద కంటితో చూసినప్పుడు తేట అనిపించే లోతు సన్నగా ఉంటుంది. అక్కడ సరిపోయింది కింద తప్పకుండా సరిపోతుంది. ఫొటోలో ఎక్కడా కనిపించని పై లెన్సు మీద ఇంత ఆలోచన పెట్టారు చూడండి, నాకు ముచ్చటేసేది అక్కడే.

పక్కనున్న హ్యాండిలు ముందుకు తిప్పి వెనక్కి తెస్తే ఫిల్ము ఒక గడి జరుగుతుంది, షట్టరూ బిగుస్తుంది. మేక నడిచే అవకాశమే లేదు. రెండు కళ్ల మధ్య దూరం ఉంది కాబట్టి దగ్గరి వస్తువును పై కన్ను ఒక ఎత్తులో, కింది కన్ను ఇంకో ఎత్తులో చూస్తాయి. చంటిబిడ్డ మొహం దగ్గరగా తీసేటప్పుడు స్టూడియో ఆయన బొమ్మ కుదుర్చుకున్నాక స్టాండును మూడు వేళ్ల మందం పైకి లేపేవాడు. పుస్తకం చూసి నేర్చింది కాదు, బిడ్డల తలలు తెగిన ప్రింట్లు చూసి నేర్చింది.

ఇంకో సంగతి. ఈ కెమెరాను కంటికి ఆనించరు. రొమ్ము దగ్గర పట్టుకుని పైనుంచి తొంగిచూస్తారు. అంటే ఫొటో తీసేవాడు ఎదుటి మనిషి ముందు తల వంచుతాడు. మొహానికి మొహం గురిపెట్టినట్టు ఉండదు. కొత్త పెళ్లికూతుళ్ల బిగుసుకున్న మెడలు ఆ కెమెరా ముందు సడలడం నేను కళ్లారా చూశాను.

1983 ఏప్రిల్ 17న శ్రీహరికోట నుంచి ఎస్సెల్వీ-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. మర్నాడు స్టూడియోలో పత్రిక పైకి చదివాను. ఉపగ్రహం బరువు 41.5 కిలోలు. అందులో ఒక కెమెరా ఉంది. నీళ్లేవి, పైరేది, బీడు నేలేది, మబ్బేది, మంచేదని ఆ కెమెరానే తేల్చుకుంటుందట. స్టూడియో ఆయన తొట్టెలోంచి చేతులు తీయకుండానే అడిగాడు: "బాగుండాది. మరి ఆ రీలు కడిగేదెవరు?" రీలు ఉండదు, వైర్‌లెస్‌లో బొమ్మలు కిందికి వస్తాయి అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "చెడిపోతే విప్పేదెవరు?" అన్నాడు. ఆ కెమెరా ఆ తర్వాత 2,500కు పైగా బొమ్మలు పంపింది. ఆయన రెండో ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

మూడోది నా సొంత సంపాదనతో కొన్నది. 1986లో మద్రాసులో సెకండ్‌హ్యాండ్‌లో దొరికిన సోవియట్ జెనిత్-ఇ. మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ కార్ఖానా 1965లో మొదలుపెట్టిన మోడల్ అది. లెన్సుతో కలిపి దాదాపు కిలో బరువు. దీని వంశవృక్షం తెలుసుకుంటే ఆ బరువు మీద గౌరవం కలుగుతుంది. 1930లలో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో అనాథ పిల్లల కమ్యూను ఒకటి జర్మన్ లైకాను విప్పి చూసి, అలాంటిదే ఫెడ్ అనే పేరుతో చేసింది. దాన్ని చూసి క్రాస్నోగోర్స్క్ వాళ్లు జోర్కీ చేశారు. ఆ జోర్కీ కడుపులో అద్దం పెట్టి 1950లలో జెనిత్ చేశారు. ఒకరు చేసింది ఇంకొకరు విప్పి చూసి నేర్చుకున్న పరంపర అది.

దాని హీలియోస్ 44-2 లెన్సుకు ముందు భాగంలో రెండు రింగులు. ఒకటి మనకు కావలసిన రంధ్రపు కొలత ఎంచుకోవడానికి. రెండోది ఆ కొలత దాకా మూయడానికి, మళ్లా పూర్తిగా తెరవడానికి. తెరిచి పెట్టి వెలుతురులో గురి కుదుర్చుకుని, చూపు మరల్చకుండా రెండో రింగు తిప్పితే సరిగ్గా అనుకున్న చోట ఆగుతుంది. అప్పటికి ఇతర దేశాల్లో ఈ పని మీట నొక్కగానే దానంతటదే జరిగేది. జెనిత్‌లో వేళ్లు చేయాలి. నెలరోజుల్లో నా వేళ్లకు అది ఊపిరి పీల్చినంత సహజమైంది. వెలుతురు కొలిచే సెలీనియం పలకకు బ్యాటరీ అక్కర్లేదు, వెలుగు పడితే అదే కరెంటు పుట్టించి ముల్లును కదుపుతుంది. సెలీనియానికి వయసు మీదపడితే చూపు మందగిస్తుంది, నా దానికీ మందగించింది. అప్పటికి మైపాడు ఎండ ఎన్ని గంటలకు ఎంతో నాకు నోటికి వచ్చేసింది.

1989 నవంబరులో కావలి దగ్గర తుపాను తీరం దాటింది. మా పెంకులు లేచిపోయాయి. కెమెరా పెట్టిన ట్రంకుపెట్టెలోకి నీళ్లు దిగాయి. గాలి నిమ్మళించాక తీసి చూస్తే షట్టరు సగంలో ఆగిపోయింది. మద్రాసులో పాత కెమెరాలు బాగుచేసే ఒకాయన ఉన్నాడని తెలిసి పట్టుకెళ్లాను. గది అంటే గది కాదు, మెట్ల కింద బల్ల. "కూచోండి, చూస్తా ఉండండి" అన్నాడు. అలా చూసిన మూడు గంటలూ పనితనం గురించి నాకు దొరికిన చదువు.

ముందు ఒక తెల్లకాగితం మీద గుండ్రంగా గీత గీశాడు. తీసిన మొదటి మర పన్నెండు గంటల చోట, రెండోది ఒంటిగంట చోట. అలా గడియారం తిరిగిన దిక్కునే మరలన్నీ పేర్చుకుంటూ పోయాడు. బిగించేటప్పుడు వెనక్కి తిరిగివస్తే చాలు, ఒక్కటీ తప్పదు. పైనున్న తోలు అంచు లేపితే దానికింద ఇంకొన్ని మరలు. ఏ భాగమూ జిగురుతో అతికించి లేదు, ఏదీ రివిట్ కొట్టి లేదు. మూత, దానికింద చక్రాలు, దానికింద గుండీలు, ఒకదాని తర్వాత ఒకటి తనను విప్పమని చెబుతున్నట్టే వచ్చేశాయి. నాకు అప్పుడు ఒడ్డున తెప్ప విప్పిన పెద్దాయన గుర్తొచ్చాడు.

అడుగున షట్టరు బయటపడింది. రబ్బరు పూసిన గుడ్డతెరలు రెండు. మీట నొక్కగానే మొదటి తెర పక్కకు పరిగెత్తుతుంది, కాస్త ఆగి రెండో తెర దాని వెంట పడుతుంది. రెండూ పరిగెత్తే వేగం ఎప్పుడూ ఒకటే, మారేది మధ్య సందు. సెకనులో 30వ వంతుకు మొదటిది అవతలి ఒడ్డు చేరాక రెండోది బయల్దేరుతుంది. 500వ వంతుకు రెండూ దాదాపు అంటుకునే పరిగెత్తుతాయి, సన్నటి చీలికలోంచి వెలుగు ఫిల్మును తుడుచుకుంటూ పోతుంది. నా దానిలో ఒక తెర తడికి బిగుసుకుంది, పాత గ్రీజు బంకలా గట్టిపడింది. స్పిరిట్‌తో తుడిచి, సూదిమొనతో నూనె ముట్టించి, రెండు స్ప్రింగుల బిగువూ కొంచెం కొంచెంగా సరిచూశాడు.

సరిపోయిందని ఎలా తెలుస్తుంది? ఆయన దగ్గర కొలిచే యంత్రం లేదు. మూలనున్న పాత టీవీ పెట్టి, కెమెరా వెనక మూత తెరిచి, తెరకు ఎదురుగా పట్టుకుని మీట నొక్కి, వెనకనుంచి చూశాడు. టీవీ బొమ్మ గీతలు గీతలుగా పైనుంచి కిందికి దిగుతుంటుంది, షట్టరు సందు అడ్డంగా పోతుంది. ఆ రెంటి పోటీలో కంటికి ఒక ఏటవాలు వెలుగుపట్టీ కనిపిస్తుంది. పట్టీ మొదట్లోనూ చివర్లోనూ ఒకే మందంగా ఉంటే రెండు తెరలూ కలిసి నడుస్తున్నట్టు. ఒకవైపు సన్నబడితే ఒకటి వెనకపడ్డట్టు. "ఇప్పుడు సూడండి సార్" అని నా చేతికిచ్చాడు. పట్టీ వరిమడి గట్టులా సమంగా ఉంది. క్రాస్నోగోర్స్క్ లో ఎవరో బిగించింది మద్రాసు మెట్లకింద ఇంకెవరో విప్పి, మళ్లా అంతే బాగా బిగించాడు. ఆ కెమెరాను గీసినవాడు తన తర్వాత ఇంకో చెయ్యి పడుతుందని ఎరిగి గీశాడు. ఆ చేతికి మరలన్నీ అందేలా వదిలాడు.

నాలుగోది నికాన్ ఎఫ్ఎమ్2. రొయ్యల గుంటల డబ్బు ఊళ్లోకి వచ్చిన రోజుల్లో ఒకాయన సరదాగా కొన్నాడు. తెల్లమచ్చ రోగం వచ్చి గుంటలు తుడిచిపెట్టుకుపోయాక అమ్ముకున్నాడు. 1998లో అది నా ఇంటికి చేరింది.

1982లో ఇది బయటికి వచ్చినప్పుడు లోకం మెచ్చింది దాని షట్టరును. సెకనులో 4,000వ వంతు. అంత వేగానికి గుడ్డ పనికిరాదు, మందపు రేకు బరువుకే వెనకపడుతుంది. నికాన్ వాళ్లు టైటానియం రేకు తీసుకున్నారు. దాన్ని ఇంకా పలచన చేయడానికి తేనెపట్టు గదుల ఆకారంలో ఆమ్లంతో తొలిచారు. గదుల లోపల పలచన, గట్ల దగ్గర బలం. బరువు తగ్గింది, బిర్రు తగ్గలేదు. పైగా తెరలు అడ్డంగా 36 మిల్లీమీటర్లు పరిగెత్తకుండా నిలువుగా 24 మిల్లీమీటర్లే దిగుతాయి. దారి తగ్గించడమూ వేగమే కదా! వెనక మూత తీసి ఆ తేనెపట్టును ఎండకు వంచి చూడటం నా రహస్య వినోదం. ఇంకో లాభం ఉప్పుగాలి ఊరివాళ్లకే అర్థమవుతుంది, టైటానియాన్ని సముద్రం తినలేదు.

రెండు గుండీ బ్యాటరీలు ఉంటాయి కానీ అవి వెలుతురు కొలవడానికి మాత్రమే. అవి అయిపోయినా అన్ని వేగాలూ పనిచేస్తాయి. కొలిచేది చెడితే తీసేది ఆగకూడదని ఎవరో కూర్చుని అనుకున్నారు.

ఆ కొలిచేదానితో నాకు పులికాట్‌లో గొడవ వచ్చింది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యలోంచి పోయే రోడ్డు పక్కన, చలికాలంలో రాజహంసలు వేలకు వేలు దిగుతాయి. వ్యూఫైండర్‌లో కూడిక, సున్న, తీసివేత గుర్తులు వెలుగుతాయి. సున్న వెలిగితే సరిపోయినట్టు. సున్న చూసుకుని తీసిన మొదటి రీలులో హంసలన్నీ బూడిద పూసుకున్నట్టు వచ్చాయి. కొలిచే యంత్రానికి లోకమంతా నడిమి రకపు బూడిదరంగే. తెల్లటి పిట్టలు, తెల్లటి నీళ్లు, తెల్లటి ఆకాశం చూసి వెలుగు ఎక్కువైందని బెదిరి తగ్గించేసింది. అది తెలిశాక, హంసలకు కూడిక గుర్తు వెలిగేదాకా పెంచి తీశాను. నేలపట్టులో 1976 నుంచి పక్షుల కేంద్రంగా ఉన్న చెరువులో, నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులకూ అదే లెక్క. మంచి పనిముట్టు తన తప్పును దాచదు. ఎప్పుడూ ఒకే వైపు, ఒకే కొలతలో తప్పుతుంది కాబట్టి దిద్దుకోవడం మన చేతిలో ఉంటుంది.

లోహానికి ఉప్పు శత్రువైతే లెన్సుకు బూజు. చీకట్లో, తేమలో గాజు మీద సాలెగూడులా పాకి పైపూతను తినేస్తుంది. సిలికా జెల్ దొరకని కాలంలో మొలగొలుకుల బియ్యం దోరగా వేయించి, చల్లార్చి, గుడ్డలో మూటకట్టి కెమెరా డబ్బాలో పెట్టేవాళ్లం. నెలకోసారి మార్చాలి. మా ఆవిడ ఆ బియ్యాన్ని వృథా పోనివ్వకుండా కోళ్లకు వేసేది. మా కోళ్లంత పొడి బియ్యం తిన్న కోళ్లు జిల్లాలో ఉండవు.

ఐదోది డిజిటల్. 2009లో కొన్నాను. దాని పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. ముందు దాని గొప్ప చెప్పాలి. నాకు క్లిక్ చేతికొచ్చిన 1975లోనే అమెరికాలో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ మొదటి డిజిటల్ కెమెరా చేశాడు. మూడున్నర కిలోల పైచిలుకు బరువు, పదివేల చుక్కల బొమ్మ. దాన్ని క్యాసెట్టు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు. ఆ కంపెనీ మనిషే బ్రైస్ బేయర్ మరుసటి ఏడాది ఒక గళ్ల పటానికి పేటెంటు పొందాడు. వెలుగు పట్టే చుక్కలకు రంగు తెలియదు, వెలుగెంతో మాత్రమే తెలుసు. అందుకని ప్రతి చుక్క మీదా ఒక రంగు గాజు పెట్టాలి. బేయర్ మూడు రంగులకూ సమంగా పంచలేదు. సగం చుక్కలు ఆకుపచ్చకు ఇచ్చి, ఎరుపుకు పావు వంతు, నీలానికి పావు వంతు ఇచ్చాడు. మనిషి కన్ను వివరాలను ఎక్కువగా పట్టుకునేది ఆకుపచ్చలోనే. ఫిల్మును వంచిన క్లిక్ రూపకర్తకూ ఈయనకూ నాకు చుట్టరికం కనిపిస్తుంది. ఇద్దరూ లోపంతో పోట్లాడలేదు, దాన్ని మచ్చిక చేసుకున్నారు.

నా డిజిటల్ కెమెరా నాలుగేళ్లు అద్భుతంగా పనిచేసింది. ఐదో ఏట ఒక ఉదయం మేలుకోలేదు. బ్యాటరీ గదిలో రాగి పచ్చబారింది. సర్వీసు సెంటరులో, లోపలి బోర్డు మార్చాలి, ఈ మోడలుకు ఇప్పుడు బోర్డు రావడం లేదు అన్నారు. విప్పి తుడిచి చూడమన్నాను. "విప్పేది కాదు సార్, మార్చేదే" అన్నాడు కౌంటరు దగ్గరి కుర్రాడు. అబద్ధం ఆడలేదు. పన్నెండు మిలియన్ల చుక్కల్ని పేర్చిన చేతి నేర్పుకు దండం పెట్టాల్సిందే. కానీ ఆ పెట్టెను గీసినవాడు దాన్ని ఇంకో చెయ్యి ముట్టుకుంటుందని అనుకోలేదు. ఐదేళ్లకు మించి ఉంటుందనీ అనుకోలేదు.

విప్పడానికి వీలుంటేనే పనితనం అని అప్పటికి నేను తీర్పు రాసేసుకున్నాను. ఆ తీర్పును మా తీరమే కొట్టేసింది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి మంగళయాన్ బయల్దేరింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 24న అంగారకుడి చుట్టూ కక్ష్యలో కుదురుకుంది. అందులో ఒక రంగుల కెమెరా ఉంది. దాని లోపలి చుక్కల మీద ఉన్నది అదే బేయర్ గళ్ల పటం, నా మూలనపడ్డ కెమెరాలో ఉన్నదే. అంగారకుడి నిండు బింబాన్ని అది తీసింది. ఆ వ్యోమనౌకను ఆరు నెలల పనికని పంపారు. 2022 దాకా అది కక్ష్యలోంచి భూమితో మాట్లాడుతూనే ఉంది.

స్టూడియో ఆయన ప్రశ్న మళ్లా గుర్తొచ్చింది. చెడిపోతే విప్పేదెవరు? ఎవరూ లేరు. మెట్లకింద బల్ల లేదు, స్పిరిట్ లేదు, టీవీ లేదు. అలాంటి చోటికి పోయే కెమెరాను చేసేవాళ్లు తర్వాతి చేతులు చేయాల్సిన మరమ్మతు అంతా ముందే చేసి పంపాలి. పంపకముందే వేడిలో ఉడికించి, చలిలో గడ్డకట్టించి, వణికించి, గాలిలేని గదిలో పెట్టి, ఎక్కడ వదులవుతుందో అక్కడ ముందే బిగించాలి. జెనిత్ చేసినవాడు రాబోయే చేతిని నమ్మాడు. మంగళయాన్ కెమెరా చేసినవాళ్లు ఇక ఏ చెయ్యీ రాదని నమ్మి, ఆ బరువంతా తామే మోశారు. రెండూ గొప్ప పనితనాలే. ఇంకొకరు విప్పడానికి వీలివ్వకుండా, తాను నిలిచే పూచీ కూడా తీసుకోకుండా మధ్యలో ఆగినదే నా ఐదో కెమెరా.

మైపాడు ఒడ్డున ఇప్పుడు తెప్పలు తగ్గిపోయాయి, ఫైబర్ పడవలే ఎక్కువ. విప్పే పని లేదు. పగిలితే పూత వేస్తారు, మరీ పగిలితే పక్కన పడేస్తారు. నేను మాత్రం ఈశాన్య వానలు వెనక్కి తగ్గి, సంక్రాంతి ఎండ పొడిగా కాసే రోజున డాబా మీద చాప పరుస్తాను. ఒకవైపు మా ఆవిడ ఆరబెట్టిన చల్లమిరపకాయలు, ఇంకోవైపు నా కెమెరాలు. స్ప్రింగులు మొద్దుబారకుండా, గ్రీజు గడ్డకట్టకుండా ఒక్కోదాని షట్టరును అన్ని వేగాల్లోనూ పదేసి సార్లు కొడతాను. జెనిత్ తలుపు వేసినట్టు మోగుతుంది. ఎఫ్ఎమ్2 చిటికె వేసినట్టు. క్లిక్‌కు ఉన్నది ఒక్క వేగమే, పేరుకు తగ్గ చప్పుడే చేస్తుంది. వరసలో చివరిది డిజిటల్. మీట నొక్కితే ఏమీ వినపడదని తెలుసు. అయినా దాని బ్యాటరీ మూత తెరిచి, పచ్చబారిన రాగి వైపు ఎండ పడేలా తిప్పి పెడతాను.